శిక్ష యనగా ఏమి?
(మార్కు 10:13–16, ఎఫెసీ 6:4)



1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో, చిన్నబిడ్డలను తన యొద్దకు రానిమ్మని ప్రభువు చెప్పిన చోట "సఫర్" అను మాట యున్నది. ఆ దినములలో దానికి "రానిచ్చుట" అనియు అర్థము. నేడు మన పిల్లలు బడిలో "బాధపడుట" అని నేర్చుకొనుచున్నారు. "లెట్" అను మాట మరియు వింత. నేడది "పోనిచ్చుట", ఆ బైబిలులో రోమా 1:13లో "అడ్డగించుట".

ఇంగ్లీషువారి చిక్కు మనకేల అందుమా? 1863లో మదనపల్లెకు వచ్చిన జేకబ్ చేంబర్లేన్ దొరగారు మొదలైనవారు తెలుగు బైబిలును సవరించుటకు ఏండ్ల తరబడి ప్రయాసపడిరి. అయినను మాటలు కాలముతో మారుచునే యుండును. పిల్లలను ప్రభువు శిక్షలో పెంచవలెనని పౌలు బోధించెను. శిక్ష యనగా నేర్పుట, దిద్దుట కూడ. "శిక్షణ" అనునప్పుడు నేటికిని ఆ అర్థమే. మనకైతే బెత్తము, ఠాణా మాత్రమే తోచును. ఆ వచనము చూపి మనలో ఎందరమో బిడ్డలను కొట్టి, వాక్యప్రకారమే చేసితిమనుకొంటిమి. పిల్లలకు కోపము రేపవద్దని అదే వచనము ముందుగా చెప్పుటను మరచితిమి.

శెనక్కాయల చేనిలో తల్లి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏది కలుపో ఏది చెట్టో చూపును. బిడ్డ తప్పి చెట్టు పెరికినను మరల చూపును. అదియు శిక్షయే.

కాబట్టి అర్థముకాని మాట వచ్చినచో సిగ్గుపడక అయ్యగారిని అడుగుదము. బిడ్డలను ఎత్తి కౌగిలించుకొనిన ప్రభువును చూచి ఆ మాటను గ్రహింతము.

ప్రభువా, మా చేతులను మెత్తపరచుము. మా బిడ్డలను నీ యొద్దకు రానిచ్చు మనస్సు మాకిమ్ము. ఆమేన్.