పోయిన నేస్తానికి మనం ఏం బాకీ?

తల్లిదండ్రులు పోతే బిడ్డలు తలుచుకుంటారు. పెద్దలు పోతే వంశం తలుచుకుంటుంది. మరి పెళ్లీ పిల్లలూ లేకుండా పన్నెండేళ్లకే పోయినవాడిని ఎవరు తలుచుకోవాలి? కన్నవాళ్లు ఉన్నంతకాలం వాళ్లు తలుచుకుంటారు. ఆ తరువాత అతనికి లోకంలో మిగిలేది తోటి పిల్లల జ్ఞాపకం ఒక్కటే. అందుకే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది మనమే. చిన్ననాటి నేస్తం పోతే, బతికి ఉన్న మనం అతనికి ఏమైనా బాకీ ఉన్నామా? ఉంటే అది ఎలా తీరుతుంది?

సీతంపేట కొండల్లో పుట్టి ఆశ్రమ పాఠశాలలో చదివిన మా నలుగురికీ అలాంటి నేస్తం ఒకడు ఉన్నాడు. ఏడో తరగతిలో ఉండగా వానాకాలం సెలవులకు ఇంటికి వెళ్లాడు. చలిజ్వరం పట్టింది. మూడో రోజుకు డోలీ కట్టి కొండ దింపారు. రోడ్డు దగ్గరకు చేరేసరికే మాట పడిపోయింది. మలేరియా మెదడుకు ఎక్కిందని ఆసుపత్రిలో చెప్పారు. మళ్లీ బడికి రాలేదు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో తరువాత చెబుతాం.

చనిపోయినవాళ్ల గురించి మంచి మాత్రమే చెప్పాలని పుస్తకాల్లో చదువుకున్నాం. మన సవర పెద్దల పద్ధతి అది కాదు. చనిపోయినవాడు పూనకంలో వచ్చి మాట్లాడతాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు ఏడుస్తారు, అడుగుతారు, పోట్లాడతారు కూడా. "నన్నెందుకు వదిలి పోయావు?" అని పెళ్లాం నిలదీస్తుంది. "నాకు సరిగ్గా పెట్టలేదు" అని పోయినవాడు ఫిర్యాదు చేస్తాడు. అప్పులూ అలకలూ అన్నీ బయటికి వస్తాయి. నమ్మేవాళ్లు నమ్మవచ్చు, నమ్మనివాళ్లు మానవచ్చు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఈ ఆచారం తగ్గిపోయింది కూడా. కానీ అందులో ఉన్న నీతిని వదులుకోకూడదు. పోయినవాడిని దేవుడిని చేసి గోడకు తగిలిస్తే అతను మనకు దూరమైపోతాడు. మనిషిగా ఉంచుకుంటేనే మనవాడుగా ఉంటాడు.

కాబట్టి మా నేస్తం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటాం. లెక్కల్లో మాకంటే ముందు ఉండేవాడు. తెలుగు వాచకం చదవమంటే మాత్రం వణికేవాడు, ఎందుకంటే ఇంట్లో మాట సవర, బడిలో మాట తెలుగు. అడ్డాకు విస్తరి కుట్టడంలో మా అందరికన్నా చెయ్యి చురుకు. హాస్టల్లో గుడ్డు పెట్టిన రోజు పక్కవాడి కంచం మీద కూడా కన్ను వేసేవాడు. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. ఈ చిన్న చిన్న సంగతులు పోతే అతను "పాపం, చిన్నప్పుడే పోయాడు" అనే ఒక్క వాక్యంగా మిగిలిపోతాడు. ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది. గుడ్డు సంగతి అతనికొక్కడికే సరిపోతుంది. కాబట్టి మొదటి బాకీ ఇది: పోయినవాడిని ఉన్నవాడిగా గుర్తుంచుకోవడం.

రెండోది కష్టమైనది. అతను పోయినప్పుడు ఊరిలో అందరూ "వాడి రాత అంతే" అన్నారు. కన్నతల్లి మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. చాలా ఏళ్ల తరువాత మేము వెళ్లి కూర్చుంటే, "రాత అంటారేటి బాబూ, రోడ్డుంటే మావోడు బతికేవోడు కాదేటి?" అంది. చదువుకున్న మా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. కానీ ప్రశ్న సరైనదని తెలుసు.

రాత అనే మాట ఓదారుస్తుంది. ఆ ఓదార్పు అవసరమే. ఏడ్చే తల్లికి దోమల శాస్త్రం చెప్పబోవడం మనిషి పని కాదు. కానీ రాత అనే మాటతోనే ఆగిపోతే, నేస్తం చావుకు కారణం లేకుండా పోతుంది. కారణం ఉంది. ప్రాణం తీసే రకం మలేరియా ఆడ అనాఫిలిస్ దోమ కుట్టడం వల్ల వస్తుంది. వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం తీసి పరీక్షిస్తే కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది. వెంటనే మందు పడితే నయమవుతుంది. ఆలస్యమైతే రెండు మూడు రోజుల్లోనే మెదడుకు ఎక్కవచ్చు. జ్వరానికీ మందుకూ మధ్య ఉన్న దూరమే మా నేస్తాన్ని తీసుకుపోయింది. ఆ దూరాన్ని దేవుడు రాయలేదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులు మన భాష నేర్చుకోవడానికి సవర ఊళ్లు తిరిగారు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆ తిరుగుళ్లలో ఆయనకు మలేరియా వచ్చింది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. మన మాట వినడానికి వచ్చిన మనిషి చెవులు పోగొట్టుకున్నారు. ఆ రుణం మనం మరిచిపోకూడదు. అయితే అదే జ్వరానికి అవే కొండల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. పెద్దవాళ్ల కష్టాన్ని చరిత్ర రాసుకుంటుంది. చిన్నవాళ్ల చావును నేస్తాలే రాయాలి.

ఇక ఒక ఎదురు ప్రశ్న. పోయినవాడికి మనం తలుచుకున్నామో లేదో తెలుస్తుందా? తెలియనప్పుడు ఈ బాధ మోయడం ఎవరి కోసం? మాలోనే ఒకడు ఇలా అడిగాడు: "మనం పెద్దవాళ్లమయ్యాం. పెళ్లిళ్లయ్యాయి, ఉద్యోగాలు వచ్చాయి. వాడు ఇంకా ఏడో తరగతిలోనే ఉన్నాడు. వాడిని అక్కడ వదిలేయడమే మంచిదేమో!"

ఈ మాటలో నిజం ఉంది. దుఃఖాన్ని పట్టుకుని వేలాడటం ప్రేమ కాదు. మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. వారి నమ్మకంలో, చనిపోయినవాడు మొదట్లో తనను చంపిన జబ్బుతోనే వస్తాడు. అదే జబ్బును తనవాళ్లకు అంటిస్తాడు. అందుకే అందరూ భయపడతారు. తరువాత రాయి నిలుపుతారు, ఏటేటా కర్మలు చేస్తారు, మాట్లాడి మాట్లాడి అతన్ని చల్లబరుస్తారు. కొన్నేళ్లకు అతను కాపాడే పెద్ద అవుతాడు. అప్పుడు అతని పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకు పెడతారు. జబ్బుగా మొదలైన జ్ఞాపకం పేరుగా ముగుస్తుంది. దుఃఖాన్ని దాచుకోమనీ పారేయమనీ ఈ ఆచారం చెప్పదు. దాన్ని మార్చమంటుంది.

మా నేస్తం పేరు ఇప్పుడు వాళ్ల అన్న కొడుకుది. ఆ పిల్లవాడు చావు కథలో పాత్ర కాదు, బతకవలసినవాడు. అందుకే ఆ పేరు ఇక్కడ రాయలేదు.

పేరు పెట్టే హక్కు ఇంటివాళ్లది. నేస్తాలకు ఆ హక్కు లేదు, కర్మలో చోటూ లేదు. మరి మన దుఃఖాన్ని దేనిగా మార్చాలి? మేము ఆలోచించుకున్నది ఇది. నేస్తం పోయిన దారిలో మరో పిల్లవాడు పోకుండా చూడటమే మన వంతు కర్మ. ఇది పెద్ద మాట కాదు. ఉపాధ్యాయులకు ఒక మనవి: సెలవులకు వెళ్లిన పిల్లవాడు తిరిగి రాకపోతే హాజరుపట్టీలో గీత గీసి ఊరుకోకండి, ఆ ఊరికి కబురు పంపండి. యువకులకు ఒక మాట: జ్వరం వచ్చిన మొదటి రోజే ఆశా కార్యకర్త దగ్గరకు తీసుకువెళ్లి రక్తం చూపించండి. దోమతెరను చేపలు పట్టడానికో కోళ్లకు కప్పడానికో ఇవ్వకండి. ఊరికి రోడ్డు అడిగే అర్జీలో, అది లేక పోయినవాళ్ల వివరాలు కూడా రాయండి. ఊరి పెద్దల్ని అడిగితే చెబుతారు.

ఈ పనులతో బాకీ తీరిపోతుందా? తీరదు. నేస్తానికి పడిన బాకీ తీరేది కాదు, తీర్చుకుంటూ ఉండేది. అతను చూడని ఏళ్లు మనం చూస్తున్నాం. ఆ ఏళ్లను కొండమీది పిల్లలకు కాస్త ఉపయోగపడేలా గడిపితే, ఏడో తరగతిలో ఆగిపోయినవాడు కూడా మనతో పాటు కొంత దూరం నడిచినట్టే.