‘డిజేబుల్డ్’కి వ్యతిరేక పదం

సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి దాపున మనోవికాస్ నగర్ ఉంది. బుద్ధి ఎదుగుదలలో వెనకబడిన పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో అక్కడ ఒక జాతీయ సంస్థను పెట్టింది. అప్పట్లో దాని పేరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మెంటల్లీ హ్యాండీక్యాప్డ్. తర్వాత అందులోని చివరి మాటలు తీసేసి ‘ఎంపవర్‌మెంట్ ఆఫ్ పర్సన్స్ విత్ ఇంటెలెక్చువల్ డిజెబిలిటీస్’ అని పొడుగు పేరు పెట్టారు. పాత అలవాటు కొద్దీ చాలామంది ఇంకా ఎన్.ఐ.ఎం.హెచ్. అనే అంటారు. జూబ్లీ బస్టాండులోనో, సికింద్రాబాద్ స్టేషన్‌లోనో దిగి, ఫైళ్లూ అన్నం డబ్బాలూ సంచిలో వేసుకుని, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని జిల్లాల నుంచి తల్లిదండ్రులు వస్తుంటారు. పరీక్షలన్నీ అయ్యాక వాళ్లు అడిగేది ఒక్కటే: “మంచిగైతడా సార్?” చదువుకున్న పట్నం వాళ్లు దాన్నే “నార్మల్ అవుతాడా?” అంటారు.

మా చెల్లెలి కొడుకుతో అలాంటి వరండాల్లో కూర్చున్న రోజుల నుంచీ ఈ ‘నార్మల్’ అన్న మాట నన్ను వదల్లేదు. డిజేబుల్డ్ అనే ఇంగ్లీషు మాటకు ఎదుట ఏ మాటను నిలబెట్టాలి? బడిలో వ్యతిరేక పదాలు బట్టీ పట్టే పిల్లలకు ఇది ఒక మార్కు ప్రశ్న. ఆ తల్లిదండ్రులకు మాత్రం పిల్లవాడి జీవితం ఎటు నడవాలో చెప్పేది అదే. ఎదుట ‘నార్మల్’ అని ఉంటే, వాడు ఏం నేర్చుకున్నా ఇంకా తక్కువే. ‘ఏబుల్డ్’ అని ఉంటే, వాడికి వచ్చిన పనులన్నీ లెక్కకు రాకుండా పోతాయి.

‘నార్మల్’ అన్న మాటకు మనం అనుకున్నంత పాత చరిత్ర లేదు. మనుషులకు సగటు కట్టి, ఆ సగటు మనిషినే ఆదర్శంగా నిలబెట్టిన వాడు అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం శాస్త్రజ్ఞుడు. 1835లో ఆ సంగతి పుస్తకంగా రాసేనాటికి ఆయన వృత్తి నక్షత్రాలను కొలవడం. ఒక నక్షత్రం స్థానాన్ని పదిమంది కొలిస్తే పది లెక్కలు వస్తాయి. వాటి సగటు నిజానికి దగ్గర, సగటుకు దూరంగా ఉన్న లెక్క పొరపాటు. నక్షత్రాల విషయంలో ఇది న్యాయమే. ఆయన ఈ లెక్కనే మనుషుల మీదికి తెచ్చాడు. అప్పుడు సగటుకు దూరంగా పుట్టిన మనిషి కూడా ప్రకృతి చేసిన పొరపాటు అయిపోయాడు. డాక్టరు గది బయట కూర్చున్న తల్లి మొహంలో కనిపించే తప్పు చేసిన భావం ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే, నాకు ఆ నక్షత్రశాల కనిపిస్తుంది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి ఒక పరీక్ష తయారుచేశారు. బడిలో ఏ పిల్లలకు అదనంగా సాయం కావాలో కనిపెట్టడం దాని పని. అమెరికాలో న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్ శిక్షణ పాఠశాలలో పనిచేసే హెన్రీ గొడార్డ్ దాన్ని తెచ్చుకుని, మార్కులను బట్టి మనుషులకు పేర్లు పెట్టాడు. ఇడియట్, ఇంబెసిల్ అన్న మాటలు అప్పటికే ఉన్నాయి. 1910లో మోరాన్ అన్న మాటను ఆయనే పుట్టించాడు. ఇవన్నీ ఆనాడు వైద్యుల మాటలు. మన దేశంలో 1912 నాటి లూనసీ చట్టంలో ఇడియట్ అన్న మాట ఉంది. 1987 నాటి మెంటల్ హెల్త్ చట్టం అమల్లోకి వచ్చేదాకా ఆ చట్టం రద్దు కాలేదు. వైద్యుల నోటి నుంచి ఆ మాటలు వీధిలోకి వచ్చి తిట్లయ్యాయి. వాటి బదులు రిటార్డెడ్ వచ్చింది, అదీ తిట్టయింది. 2010లో అమెరికా తన కేంద్ర చట్టాల్లోంచి దాన్ని తీసేసింది. మనకు హ్యాండీక్యాప్డ్ పోయి డిజేబుల్డ్ వచ్చింది. తెలుగులో మందబుద్ధి పోయి బుద్ధిమాంద్యం వచ్చింది, మానసిక వికలాంగులు అన్నారు, ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. ఈ వైపు మాట ఇన్నిసార్లు మారింది. ఆ వైపున ఉన్న ‘నార్మల్’ మాత్రం కదలకుండా కూర్చుంది. కొత్త మాట ఎంత మర్యాదగా పుట్టినా కొన్నేళ్లకే మాసిపోవడానికి కారణం అదేనని నా నమ్మకం. ఎదుట ఆ మాట ఉన్నంతకాలం ఇవతల ఏ మాట పెట్టినా అర్థం ‘తక్కువ’ అనే.

పైగా ఈ రెండు వైపులనూ విడదీసే గీత కూడా స్థిరమైంది కాదు. 1961లో ఈ రంగంలోని అమెరికా నిపుణుల సంఘం ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఐ.క్యూ. సుమారు 85కి దిగువన ఉన్నవాళ్లంతా ‘రిటార్డెడ్’ కోవలోకి రావచ్చు. అంటే నూటికి దాదాపు 16 మంది. 1973లో అదే సంఘం గీతను 70కి దించింది. నూటికి సుమారు ఇద్దరు మిగిలారు. మిగతావాళ్లకు ఏ మందూ వేయలేదు, ఎవరూ ఏమీ నేర్పలేదు. ఒక పుస్తకం కొత్త కూర్పు వచ్చింది, అంతే.

‘నార్మల్’ను పక్కన పెట్టి, దాని అవతల ఉన్న మాటను ఎత్తుకున్న వాళ్లూ ఉన్నారు. స్పెషల్ చైల్డ్ అంటారు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో వికలాంగ్ బదులు దివ్యాంగ్ అందామన్నారు. ఆ మాట ప్రభుత్వ సంస్థల పేర్లలోకి ఎక్కింది. హక్కుల సంఘాలు కొన్ని అభ్యంతరం చెప్పాయి, నేను వాళ్ల పక్షమే. మంచి మనసుతో అన్నదైనా, పిల్లవాణ్ని గర్భగుడిలో కూర్చోబెట్టి హారతిస్తే, వాడికి మన పక్కన బస్సులో సీటు కావాలన్న సంగతి మరుగున పడుతుంది. మా చెల్లెలితో ఒక పెద్దావిడ “నువ్వు పుణ్యం చేసుకున్నావమ్మా, దేవుడే నీ ఇంట్లో పుట్టాడు” అంది. నా చెల్లెలు మర్యాదగా తల ఊపింది. ఇంటికొచ్చాక, వాడికి పళ్లు తోమించడానికి అరగంట పట్టింది.

ఇక ‘ఏబుల్డ్’ సంగతి. ఇంగ్లీషు ఏబుల్ అనే మాట మనిషికి అంటుకుని ఉంటుంది. అతను ఏబుల్, ఇతను కాదు. తెలుగులో మనం ఇలా మాట్లాడం. “నాకు ఈత వచ్చు” అంటాం. వచ్చేది ఈత, మనిషి దగ్గరికి వస్తుంది. “వాడికి లెక్కలు రావు, పాట వచ్చు” అంటాం. ఏది వచ్చో, ఏది రాదో పేరు చెప్పకుండా ఆ వాక్యం పూర్తి కాదు. “వాడికి వచ్చు” అని ఊరుకుంటే వినేవాడు “ఏం వచ్చు?” అని అడుగుతాడు. “ఇంకా రాలేదు” అన్న మాట కూడా ఉంది; అందులో తలుపు తెరిచే ఉంటుంది. మన వ్యాకరణంలో మొత్తంగా రానివాడు, మొత్తంగా వచ్చినవాడు అంటూ ఎవరూ ఉండరు.

మా మేనల్లుడికి చిల్లర లెక్క రాదు. రోడ్డు ఒంటరిగా దాటడం ఇంకా రాలేదు. చీరలు మడతపెట్టడం వచ్చు, అంచుకు అంచు కలిపి, వాళ్లమ్మ కంటే నేర్పుగా. చుట్టాలొస్తే గుమ్మం ముందు చెప్పులన్నీ జతలు జతలుగా సర్దడం వచ్చు. వెళ్లేటప్పుడు ఎవరి జత వాళ్ల ముందు పెడతాడు, తప్పు పోదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎలా వచ్చిందో నేను చూశాను. స్పెషల్ ఎడ్యుకేటర్లు ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతారు. టీచరమ్మ గుండీలన్నీ తానే పెట్టి, ఆఖరిది సగం దూర్చి వదిలేసేది. వాడు లాగేవాడు. చొక్కా తొడుక్కోవడం తన చేతి మీదే పూర్తయ్యేది. అది కుదిరాక ఆఖరి గుండీ మొత్తం వాడిది, తర్వాత దాని పైది. ఇందులో ‘వచ్చు’, ‘రాదు’ల మధ్య గీత ఎక్కడ గీయాలి? మొదటి రోజు ఆ చొక్కా ఎవరు తొడిగినట్టు? ఇద్దరూ కలిసి.

మన దేశంలో ఈ పిల్లలను అంచనా వేయడానికి వాడే వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలులోనూ ఈ తీరే ఉంది. ‘మోరాన్’ పుట్టిన ఆ వైన్‌ల్యాండ్‌లోనే ఎడ్గర్ డాల్ 1930ల్లో దాన్ని తయారుచేశాడు. మాలిన్ అనే మనస్తత్వవేత్త మన దేశానికి తగినట్టు మార్చారు. 89 అంశాలు, ఎనిమిది విభాగాలు: తినడం, బట్టలు వేసుకోవడం, తిరగడం, మాట, నలుగురితో మెలగడం వంటివి. ప్రతి అంశమూ ఒక పని పేరు. తల్లిని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడుగుతుంటే, ఆమె మొదటిసారి తన బిడ్డకు ఏమేం వచ్చో వరుసగా పైకి చెప్పుకుంటుంది. నాకు ఆ పరీక్షలో నచ్చింది అదే. చివర అన్నీ కూడి ఒక అంకె చేస్తారు, దాన్ని వైకల్య శాతంగా మారుస్తారు. మైల్డ్ అయితే 50, మోడరేట్ 75, సివియర్ 90, ప్రొఫౌండ్ 100. చట్టం ఇచ్చే సౌకర్యాలకు కనీసం 40 ఉండాలి. శాతం లేకపోతే పింఛను రాదు, కనుక దాన్ని నేను కాదనను. కానీ 75 శాతం డిజేబుల్డ్ అని రాసినప్పుడు, మిగిలిన 25 దేంట్లో భాగం? మళ్లీ ఆ ‘నార్మల్’లోనే.

‘డిపెండెంట్’కి ఎదురుగా ‘ఇండిపెండెంట్’ అన్న జంట కూడా ఆ వరండాల్లో బాగా వినిపిస్తుంది. శిక్షణ లక్ష్యం అదేనంటారు. ఇది నాకు సగమే ఒప్పుదల. గుండీ తానే పెట్టుకోవడం గొప్పదే. కానీ ఒకరి మీద ఆధారపడకుండా బతికేవాళ్లు ఈ నగరంలో ఎవరు? ఈ విషయంలో సత్యానికి దగ్గరగా ఉన్న కాగితం నాకు తత్వగ్రంథాల్లో దొరకలేదు, రైల్వే రాయితీల పట్టికలో దొరికింది. ఒంటరిగా ప్రయాణం చేయలేని ఇలాంటి వ్యక్తికి స్లీపరు వంటి తరగతుల్లో టికెట్టు మీద 75 శాతం రాయితీ ఇస్తారు. వెంట వచ్చే ఎస్కార్టుకూ అంతే రాయితీ. ‘నీ వల్ల కాదు కనుక ఇంట్లో ఉండు’ అనలేదు, ‘ముందు ఒంటరిగా వెళ్లడం నేర్చుకో’ అనీ అనలేదు. ప్రయాణికుడంటే ఇక్కడ ఇద్దరు అని ఒప్పుకుని ఇద్దరినీ ఎక్కించుకుంది. దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైన ఊళ్లో ఉంటూ ఆ నియమాన్ని చూసి నేను నిజంగా గర్వపడతాను.

ఈ ఆలోచనకు సరిపోయే మాట తెలుగులో ఉంది: వీలు. వీలు మనిషి ఒంట్లో ఉండేది కాదు. మనిషికీ, చోటుకీ, వేళకీ, పక్కనున్నవాళ్లకీ మధ్య కుదిరేది. వీలు చిక్కుతుంది, వీలు చేసుకుంటాం, ఇంకొకరికి వీలు కల్పిస్తాం. “నాకు వీలుకాలేదు” అన్నవాణ్ని ఎవరూ తక్కువ చేసి చూడరు. ఏం అడ్డొచ్చిందని అడుగుతారు. డిజేబుల్డ్‌కు ఎదుట ‘వీలు కుదిరినవాడు’ అని నిలబెట్టి చూడండి. అప్పుడు ఇవతలి మాట ‘వీలు కుదరనివాడు’ అవుతుంది. వెంటనే పుట్టే ప్రశ్న వాడి మెదడు గురించి ఉండదు, కుదరనివ్వనిది ఏమిటని ఉంటుంది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెప్పేదీ ఇదే: లోపం మనిషిలో ఉండవచ్చు, వైకల్యం మాత్రం ఆ లోపానికీ బయటి అడ్డంకులకూ మధ్య పుడుతుంది. భారత్ దాన్ని 2007లో ఆమోదించింది. 2016 నాటి మన వికలాంగుల హక్కుల చట్టం నిర్వచనంలోనూ అడ్డంకుల ప్రస్తావన ఉంది.

ఈ తల్లిదండ్రులను రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న “మా తర్వాత ఎవరు?” అన్నది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం దీనికి జవాబు వెతకడానికే పుట్టింది. పద్దెనిమిదేళ్లు దాటిన బిడ్డకు చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించే అధికారం జిల్లా స్థాయి కమిటీకి ఉంది, దానిలో కలెక్టరు ఉంటారు. మా చెల్లెలు ఆ దరఖాస్తులో నా పేరు రాసింది. నేనూ వయసు మీద పడుతున్నవాణ్నే. నా తర్వాత ఎవరన్న గడి ఆ కాగితంలో లేదు.

హక్కుల చట్టం అడ్డంకులను ఒప్పుకుంది. సర్టిఫికెట్ మాత్రం ఇప్పటికీ పిల్లవాణ్ని ఒక్కణ్నే కొలుస్తుంది. వాడికి 75 శాతం అని వేసిన కాగితం మీదే, వాడుండే వీధికి, వాడెక్కే బస్సుకు, వాణ్ని చేర్చుకోని బడికి ఎంత శాతమో వేసే చోటు ఉండాలని నేను అడుగుతున్నాను. మా వాడి కాగితంలో ఏం రాయాలో నాకు తెలుసు. కాలు సాగని జనానికి తగినంత సేపు ఆగని సిగ్నలు. అక్షరాలు తప్ప బొమ్మ లేని బోర్డులు. చిల్లర తామే లెక్కపెట్టి మిగతాది చేతిలో పెట్టే ఓపిక లేని కొట్లు. చీరలు అంత చక్కగా మడతపెట్టేవాడికి వీధి చివరి ఇస్త్రీ బండి దగ్గర కూడా ఇంకా దొరకని పని.