ప్రాచ్యవాద చిత్రకళలో కాంతి, వర్ణం, వాతావరణం: ఒక నైతిక పరిశీలన

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా చిత్రకారులు ఉత్తర ఆఫ్రికాను, ఒట్టోమన్ ప్రాంతాలను చిత్రించిన సంప్రదాయాన్ని ప్రాచ్యవాద చిత్రకళ అంటున్నాం. ఇందులోని పాత్రచిత్రణపై విమర్శ విరివిగా వచ్చింది. కాంతి, వర్ణం మాత్రం కేవల శిల్పాంశాలుగా తరచు ఆ విమర్శకు వెలుపలే నిలుస్తున్నాయి. ఎండకు పక్షపాతం ఉండదన్న భావన ఇందుకు కారణం కావచ్చు. అది ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మన ఆలంకారికులు విభావాన్ని ఆలంబనం, ఉద్దీపనం అని రెండు విధాలుగా చెప్పారు. నాయికానాయకులు ఆలంబనం, వెన్నెల, ఉద్యానం, మలయమారుతం వంటివి ఉద్దీపనం. ఆలంబనాన్ని ఆశ్రయించి పుట్టిన భావాన్ని ఉద్దీపనం పెంపొందిస్తుంది. ఆలంబన స్థానాన్ని తాను ఆక్రమించదు. ఈ విభజనను చిత్రకళకు అన్వయిస్తే పై ప్రశ్నకు ఒక దారి దొరుకుతుంది.

ఫ్రాన్స్ 1830లో అల్జీర్స్‌ను ఆక్రమించింది. 1832లో మొరాకో యాత్ర ముగించుకొని తిరిగివస్తూ డెలాక్రా ఆ నగరంలో కొద్దిరోజులు ఆగాడు. అక్కడ గీసిన చిత్తుబొమ్మలపై స్త్రీల పేర్లనూ, దుస్తుల రంగులనూ రాసుకున్నాడు. వాటి ఆధారంగా 1834లో ‘అల్జీర్స్ స్త్రీలు’ చిత్రాన్ని ప్రదర్శించాడు. ఎడమవైపు నుంచి వాలే వెలుగు, ఎరుపు ఆకుపచ్చల పరస్పర పోషణ, నీడలో సైతం రంగును నిలిపిన నేర్పు తరువాతి చిత్రకారులకు పాఠాలయ్యాయి. అయితే చిత్తుప్రతిలోని రంగులు చిత్రానికి చేరాయి, పేర్లు చేరలేదు. వ్యక్తులు ‘స్త్రీలు’ అన్న సామాన్యనామంలో కలిసిపోయారు.

జెరోమ్ సుమారు 1879లో వేసిన ‘పాములవాడు’ చిత్రంలో ఈ మార్పు పరాకాష్ఠకు చేరింది. ఎడ్వర్డ్ సయీద్ ‘ఓరియంటలిజం’ (1978) గ్రంథానికి ముఖచిత్రంగా ప్రసిద్ధమైనది ఇదే. నీలిపలకల గోడ, దానికి ఆనుకొని కూర్చున్న ప్రేక్షకులు ఒకే స్థాయి నిశితత్వంతో కనిపిస్తారు. కుంచె జాడ దాచిన ఈ నునుపు, దృశ్యాన్ని నిజమని నమ్మించే సాధనమని లిండా నోక్లిన్ 1983లో విశ్లేషించింది. మన పరిభాషలో చెబితే, ఇక్కడి మనుషులు ఆలంబనం కారు. ఐరోపా ప్రేక్షకుని విస్మయానికి ఉద్దీపనం మాత్రమే. గోడపై పలకకూ గోడ కింది మనిషికీ రసదృష్టిలో భేదం లేదు.

అలాగని దోషాన్ని కాంతికే ఆపాదించడం సరికాదు. పారిస్‌లో చిత్రకళ అభ్యసించిన ఒట్టోమన్ చిత్రకారుడు ఉస్మాన్ హమ్దీ బే 1906లో ‘తాబేళ్ల శిక్షకుడు’ చిత్రించాడు. అందులోనూ నీలిపలకలు, శిథిలమైన గోడ, వేణువు ఉన్నాయి. కానీ కింది కిటికీ నుంచి వచ్చే వెలుగులో, వంగి నిలిచిన ఆ వృద్ధుని ఆలోచన ఏమిటన్న జిజ్ఞాస మనలో కలుగుతుంది. సామగ్రి దాదాపు అదే. మనిషి మాత్రం ఆలంబనంగా నిలిచాడు.

కాబట్టి నైతిక ప్రశ్న కాంతి యథార్థమా కాదా అన్నది కాదు. అది ఎవరి భావాన్ని పోషిస్తున్నది, అందుకోసం ఎవరు వాతావరణంగా మారిపోయారు అన్నది. ఈ ప్రశ్న వేసినంత మాత్రాన డెలాక్రా వర్ణసౌందర్యం తరిగిపోదు. ఆ సౌందర్యాన్ని ఆస్వాదిస్తూనే, చిత్తుప్రతిలో మిగిలిపోయిన పేర్లను గుర్తుంచుకోవడం సహృదయుని బాధ్యత.