ఇష్టానికి బడ్జెట్

బ్యాంకులో నా పని ఇతరుల స్తోమతను కొలవడం. అప్పు కోసం వచ్చినవారి ఆదాయమెంత, ఖర్చెంత, తీర్చగలిగేదెంత అని చూసి ఒక హద్దు నిర్ణయిస్తాను. అటువంటి నాకు నా సొంత ఇష్టానికి హద్దు పెట్టుకోవడం చేతకాలేదు.

ఆ ఇష్టమేమిటో చెబితే నవ్వుతారేమో. నేను పాత వీడియో గేములు సేకరిస్తాను. 1992లో బెంగుళూరులో బి.కాం. చదివేటప్పుడు మా పేటలోని ఒక కొట్లో గంటకింత అని తీసుకుని ఆడనిచ్చేవారు. జపాన్‌లో నింటెండో సంస్థ 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్ళే అప్పుడు మన బజార్లలో ఎక్కువ. 'సూపర్ మారియో', 'కాంట్రా' మా ప్రాణం. క్యాసెట్ మొరాయిస్తే నోటితో ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. బస్సు డబ్బులతో ఆట ఆడి, ఇంటికి నడిచి వెళ్ళేవాణ్ణి. కొనిపెట్టమని అడిగే ధైర్యం మాత్రం ఉండేది కాదు.

యాభై దాటాక ఆ కోరిక తిరిగి వచ్చింది. నెలకు రెండు వేలని బడ్జెట్ వేసుకున్నాను. మార్చి నెలాఖరులో ఆఫీసులు నిధులు ఖర్చు చేసే తీరు చూసినవారికి తర్వాతి కథ చెప్పనక్కరలేదు. డబ్బు మిగిలిన నెల అక్కర లేనిదైనా కొన్నాను. హద్దు అనుకున్నది హక్కయి కూర్చుంది.

ఒక నెల ఆ హద్దూ దాటాను. 4,600 పెట్టి తెప్పించినదాన్ని ఇంటి జమాఖర్చు పుస్తకంలో 1,600 అని రాశాను. మూడు దశాబ్దాలు పరుల పద్దులు సరిచూసిన చెయ్యి అది! వారం తర్వాత రసీదు మా ఆవిడ కంటబడింది.

"ఏమండీ, మీరు ఆడుకుంటే నేనెప్పుడైనా వద్దన్నానా? నాకు చెప్పలేనిదైతే కొనడమెందుకు?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

మరో సాకూ వెతుక్కున్నాను. సీలు తీయని 'సూపర్ మారియో 64' ఒకటి 2021 జూలైలో అమెరికాలో జరిగిన వేలంలో 15,60,000 డాలర్లు పలికింది. కనుక ఇది పెట్టుబడే అనుకోబోయాను. ఎందరో ఆడి అరగదీసిన నకలు క్యాసెట్ పెట్టుబడి ఎలా అవుతుంది? ఇష్టాన్ని ఇష్టమని ఒప్పుకోలేక పెట్టుబడి అనడం కూడా తప్పుడు పద్దే.

కన్నడ నాట పుట్టి పెరిగినవాణ్ణి కనుక జైనుల మాట ఒకటి గుర్తొచ్చింది. వారు గృహస్థులకు చెప్పిన అణువ్రతాలు అయిదు. అయిదోది పరిగ్రహానికి పరిమితి పెట్టుకోవడం. మునిలా అన్నీ వదులుకోమని కాదు. తన దగ్గర ఎంత ఉండవచ్చో ముందే తానే నిర్ణయించుకుని, దానికి కట్టుబడాలి.

ఇందులో నాకు నేను చదివిన కామర్సు పాఠమే కనిపించింది. 'నెలకింత' అనేది ఖర్చుల లెక్క. నెల మారగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు. 'నా దగ్గర ఇంతకు మించి ఉండకూడదు' అనేది ఆస్తి అప్పుల పట్టీ. నెలలు మారినా అది చెరిగిపోదు. మొదటిది కోరికకు ప్రతినెలా మేత వేస్తుంది. రెండోది, ఇక చాలునా అని అడుగుతుంది. డబ్బుకు హద్దు పెట్టి, కోరికకే పెట్టాననుకోవడం నా పొరపాటు.

ఇప్పుడు టీవీ పక్కన ఒకే ఒక అర ఉంది. ముప్పై క్యాసెట్లు పడతాయి. కొత్తది రావాలంటే పాతది ఒకటి ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ధర ముందుగా పుస్తకంలో రాసి, ఆ తర్వాతే డబ్బు చెల్లిస్తాను. రాయడానికి చెయ్యి వెనకాడితే కొనడం మానేస్తాను.

ఆ 1,600 పద్దు ఇంకా పుస్తకంలోనే ఉంది. దాన్ని అడ్డంగా ఒక గీతతో కొట్టేసి, పక్కన 4,600 అని రాసి, బ్యాంకులో చేసినట్లే సంతకం పెట్టాను.