ఆటలో వేసిన కానుక

పిల్లలు వీడియో గేమ్ ముందు కూర్చుంటే కాలం వృథా అని కోప్పడతాం. ఆ ఆటతోనే రోగులకు సాయపడేవారూ ఉన్నారు.

2010 జనవరిలో అమెరికాలో కొందరు యువకులు ఒక ఇంటి నేలమాళిగలో చేరి, పాత ఆటలను అతి తక్కువ సమయంలో ముగించి చూపుతూ చందాలు అడిగారు. పది వేల డాలర్లకు పైగా పోగై, కేర్ సంస్థకు చేరాయి. 'గేమ్స్ డన్ క్విక్' అనే ఆ కార్యక్రమం ఇప్పుడు ఏటా రెండుసార్లు, వారం పాటు రాత్రింబవళ్లు సాగుతోంది. క్యాన్సర్ నివారణకు, 'సరిహద్దులు లేని వైద్యుల'కు కోట్ల డాలర్లు అందించింది.

అక్కడ ఆడే ఆటల్లో 1994 నాటి సూపర్ మెట్రాయిడ్ ఒకటి. దాని చివర, పేలిపోబోయే గ్రహం మీద కొన్ని జంతువులు చిక్కుకుంటాయి. వాటిని కాపాడితే కొన్ని సెకన్లు ఆలస్యం. కాపాడాలా, వద్దా? చూసేవారు ఏ పక్షానికి ఎక్కువ డబ్బు పంపితే ఆ పక్షం మాటే చెల్లుతుంది. ఒక్క సెకను కోసం ఎంతో సాధన చేసిన ఆటగాడు దానికి తలవంచుతాడు. ఓడిన పక్షం సొమ్ము కూడా సేవకే పోతుంది.

మరి, సరదాకు ఇచ్చినది దానమేనా? మన కోతపండుగ వేలంపాటలోనూ ఇదే ప్రశ్న ఉంది. మందు అందుకున్న రోగి దాత ఉద్దేశం అడగడు. అతనికి కలిగిన మేలు నిజం. కాని దాత తన్ను తాను ప్రశ్నించుకోవాలి. సరదా తెరిచిన చెయ్యి సరదాతోనే మూసుకుపోతే, అతడు చెల్లించింది ఆట చూసిన రుసుమే. తెరిచే ఉంటే, ఆట అతనికి మంచి గురువైంది.

పాట ముగిసిన మర్నాడు, చప్పట్లు లేనప్పుడు, పొరుగింటి రోగి కోసం మన చెయ్యి తెరుచుకుంటుందా?