సగం తెలిసిన మాట



కైవారం, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల నుండి వచ్చిన మనకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాడిన నేల మనది. ఆ రెండింటితో సంతకైనా కచేరీకైనా పోయి రాగలము. అయితే దెబ్బ తగిలిన మనిషిని బెంగుళూరు ఆసుపత్రికి చేర్చిన దినమున మూడవ భాష ఎదురవుతుంది. ఆ దినము ఎవరికి వస్తుందో చెప్పలేము. 2023 అక్టోబరు 26 ఉదయం చిక్కబళ్లాపురం వద్ద బెంగుళూరుకు పోవుచున్న వాహనం ఆగియున్న ట్యాంకరును ఢీకొని పదిమందికి పైగా చనిపోయిరి.

మా సంఘములో ఒకాయన మేడ కట్టు పనిలో పైనుండి పడగా వెన్నుపాము దెబ్బతిన్నది. నడుము క్రింద స్పర్శ లేదు. మాకు కొంత ఇంగ్లీషు వచ్చునని ఇంటివారు మమ్మును వెంట తీసుకొనిపోయిరి. ఇంటికి పంపునప్పుడు డాక్టరు ‘ప్రెషర్ సోర్’ రాకుండా చూడుమనెను. ప్రెషర్ అంటే మనకు తెలిసినదే, బి.పి. రెండవ మాట అర్థము కాలేదు, అడుగుటకు సిగ్గుపడితిమి. “ప్రెషరు పెరగకూడదట, ఉప్పు తగ్గించండి” అని ఆయన భార్యకు చెప్పితిమి. ఆమె ఉప్పు తగ్గించినది. మూడు వారములకు ఆయన పిరుదు మీద పుండు పడినది.

డాక్టరు చెప్పినది పడక పుండును గురించి. స్పర్శ లేని చోట బరువంతా ఒకే ప్రక్క పడితే చర్మమునకు రక్తము అందదు. రెండేసి గంటలకు ఒకమారు ఒత్తిగిలజేయవలెను.

మేము అబద్ధమాడితిమా? మోసము చేయవలెనని చెప్పలేదు గనుక కాదని కొందరందురు. మాకు ఆ జవాబు చాలుట లేదు. అర్థము తెలియదు, నిజమే. కాని తెలియదన్న సంగతి మాకు తెలుసు. దానినే దాచితిమి. మేము అక్కడ లేకపోతే ఆమె నర్సును పట్టుకొని సైగలతోనైనా అడిగియుండును. తెలిసినవారివలె మాటలాడి ఆ అవకాశము కూడా తీసివేసితిమి.

ఇట్టి మాటలు ఇంకా ఉన్నవి. కాంపౌండ్ అంటే మనకు ప్రహరీ గోడ. ఆసుపత్రిలో కాంపౌండ్ ఫ్రాక్చర్ అంటే విరిగిన చోట చర్మము కూడా తెగి గాయమైనదని. స్టేబుల్ అంటే బాగైనదని కాదు, ప్రస్తుతానికి విషమించుట లేదని మాత్రమే. రికవరీ అనగానే బ్యాంకువారు జ్ఞాపకము వచ్చెదరు! రిహాబిలిటేషన్‌ను మేము పునరావాసమని, ఆనకట్ట క్రింద ఊరు పోయినవారికి ఇచ్చునదని అనుకొంటిమి. ఆ మాటకు అర్థము వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కనబడును. డాక్టర్ మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదములో నడుము క్రింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసిరి. ఆమె నడిపించిన విభాగమునకు 1966లో ప్రత్యేక కేంద్రమేర్పడినది. కాలు తిరిగి రాకపోయినను స్నానము, వంట, పని ఎట్లు చేసికొనవలెనో అక్కడ నేర్పుదురు.

ఇప్పుడు మేము డాక్టరు మాటను తెలుగులో చెప్పి, ఏమి చెప్పితిమో ఆయనకు తిరిగి ఇంగ్లీషులో వినిపించుచున్నాము. కొందరు డాక్టర్లు విసుగుకొందురు.

ఆ పుండు మానుటకు నాలుగు నెలలు పట్టెను. తరువాత ఆమె వద్దకు పోయి జరిగినది ఒప్పుకొంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “తెలియదని ఆ దినమే చెప్పియుంటే నేనే అడిగేదాన్ని కదన్నా” అన్నది.