తల్లి చేతిలోని కలము



పిల్లలను దేవుడు ఒడిలో పెట్టిన స్త్రీ, పాఠశాలలో సాహిత్యము బోధించుచు, ఇంట కూర్చుండి కథలు వ్రాయుట ధర్మమా? పిల్లలకు చెందవలసిన గడియలను ఆమె కలమునకు ఇచ్చివేయుచున్నదా? ఇది పట్టణపు విద్యావంతుల ప్రశ్న మాత్రమే కాదు. మన బాలాపూరు ఒకప్పుడు చెరువును పొలములును గల పల్లె. నేడు హైదరాబాదు నగరము దాని గడపవరకు వచ్చినది. మన కుమార్తెలు ఉదయము బస్సెక్కి దిల్‌సుఖ్‌నగరునకు, కోఠికి వెళ్లి బోధించి, ప్రొద్దుగూకిన తరువాత వచ్చి వంట మొదలుపెట్టుచున్నారు. కావున ఈ ప్రశ్న మన సంఘములోనికే వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పెద్దమ్మ మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పిలగాడు జరంతో పండుకుంటే మా కోడలు దీపం పెట్టుకొని రాసుకుంట కూసున్నది. జర మీరన్న చెప్పుండ్రి" అని మొరపెట్టుకొనెను. ఆ కోడలు తెలుగు ఉపాధ్యాయిని, ఇద్దరు బిడ్డల తల్లి. మేము ఆ యింటికి వెళ్లి, సామెతలు 31వ అధ్యాయములోని గుణవతియైన భార్యను గూర్చి చదివి, "అమ్మా, పిల్లలు పెద్దవారగువరకు ఆ వ్రాత మానివేయుము" అంటిమి. ఆమె మారు పలుకక, "సరే అయ్యగారూ" అని ఒప్పుకొనెను.

ఒక యేడు గడచినది. మరల ఆ యింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు, చిన్నవాడు తల్లి కొంగు పట్టుకొని, "అమ్మా, నువ్విప్పుడు కథ ఎందుకు రాస్తలేవు? ఆ పిల్ల ఊరికి పోయిందా లేదా?" అని అడిగెను. అప్పుడు తెలిసినది. ఆమె రొట్టెలు చేయుచు, తాను వ్రాసిన ప్రతి పంక్తిని మొదట ఆ బిడ్డలకే వినిపించెడిది. మేము తల్లి కలము తీసికొని బిడ్డకు మేలు చేసితిమనుకొంటిమి. బిడ్డ కథను కూడ తీసికొంటిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరియొక సంగతి మమ్మును పొడిచినది. ఆమె పాఠశాల పని మానవలెనని అత్తగారు గాని భర్త గాని మేము గాని అనలేదు. జీతము తెచ్చు పని దినమునకు ఎనిమిది గంటలు తీసికొనినను ఎవరికిని భారము కాలేదు. జీతము లేని ఒక్క గంట మాత్రమే అందరికిని కంటికి కనబడినది. అట్లయిన మేము చింతించినది బిడ్డను గూర్చియేనా? ఈ ప్రశ్నను మీరును మీ హృదయములలో వేసికొనుడి.

మేము చదివి వినిపించిన అధ్యాయమును మరల తెరచితిమి. మొదటి వచనమునే దాటిపోయితిమి! అవి లెమూయేలు రాజునకు అతని తల్లి నేర్పిన మాటలు. ఒక తల్లి ఉపదేశము లేఖనములలో నిలిచినది. 10వ వచనము మొదలు చివరివరకు గల 22 వచనములు హెబ్రీ అక్షరమాల వరుసలో కూర్చబడిన పద్యము. 26వ వచనమును బట్టి ఆ స్త్రీ నోట జ్ఞానమును, కృపగల బోధయు ఉన్నవి. 15వ వచనములో ఆమెకు పనికత్తెలున్నారు. ఆమె ఒంటరిగా అన్నియు చేసినదని మనము బోధించుచున్నాము గాని, వాక్యము అట్లు చెప్పుటలేదు.

లోకచరిత్రలోను సాక్ష్యమున్నది. అమెరికాలోని హారియట్ బీచర్ స్టో అను ఆమె యౌవనమున ఉపాధ్యాయిని, తరువాత వేదాంత కళాశాల బోధకుని భార్య, ఏడుగురు బిడ్డల తల్లి. 1849లో సిన్సినాటి పట్టణమున కలరా వ్యాపించినప్పుడు ఆమె పసిబిడ్డ మరణించెను. బిడ్డను విక్రయింపగా బానిస తల్లి పడు వేదన ఎట్టిదో ఆ దుఃఖములో ఆమె తెలిసికొనెను. 1852లో పుస్తకముగా వెలువడిన ఆమె "అంకుల్ టామ్స్ క్యాబిన్" అనేకుల మనస్సాక్షిని కదిలించెను. ఆమె మాతృత్వము కలమునకు అడ్డము కాలేదు. దానికి సిరా అయినది.

మన సమీపముననే చూడుడి. 1924లో ఆరంభమైన కోఠి మహిళా కళాశాలలో తెలుగు బోధించిన ఆచార్య పి. యశోదారెడ్డి గారు 1929లో పాలమూరు జిల్లా బిజినపల్లిలో పుట్టిరి. చిత్రకారులైన పి.టి. రెడ్డి గారి యింటి ఇల్లాలు. పల్లెలోని తల్లులు, అవ్వలు మాటలాడు తెలంగాణ పలుకుబడిలోనే 1973లో "మా ఊరి ముచ్చట్లు" వెలువరించిరి. 2007లో గతించిరి. ఇంటి వాకిట స్త్రీలు చెప్పుకొను ముచ్చట సాహిత్యము కాగలదని ఆమె చూపిరి.

అయితే, దినమునకు ఇరువదినాలుగు గంటలే యున్నవి. జ్వరముతో ఉన్న బిడ్డ నుదుటిమీద చెయ్యి వేయుటకు కథ కాచుకొనవలసినదే. పాలు త్రాగు బిడ్డ యున్న యేండ్లలో కలము మెల్లగా నడచును. ఇది నిజము. కాని ఆ నుదుటిమీద తండ్రి చెయ్యి కూడ పడవచ్చును గదా! మార్త అలసట పని వలన మాత్రమే కలుగలేదు. తన్ను ఒంటరిగా విడిచిరని ఆమె మొరపెట్టినది (లూకా 10:40). కావున "తల్లి రెండు పనులు చేయగలదా?" అని అడుగుటకు ముందు, "ఆమె భారములో మనము ఏ కొనను పట్టుకొంటిమి?" అని అడుగవలెను. భర్తలారా, వారమునకు రెండు సాయంకాలములు పిల్లలను మీరు చూచుకొనుడి. అత్తలారా, కోడలి వ్రాతను ఒకసారి చదివించుకొని వినుడి.

మేము ఆ సహోదరి యెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. ఆమె నవ్వి, లోపలినుండి పాత నోటుపుస్తకము తెచ్చెను. సగములో నిలిచిన ఆ కథ మరల ఆమెకు రాలేదు. ఆ పిల్ల ఊరికి చేరినదో లేదో చిన్నవానికి నేటికిని తెలియదు. ఆమె వేరొక కథ ఆరంభించినది. పోయిన యేడును మేము తిరిగి ఇయ్యలేము. ఆమెకు క్రొత్త దినములనిచ్చుచున్న ప్రభువు, ఇట్టి తలాంతును మన చేతులతో పాతిపెట్టకుండ మనలను కాపాడును గాక. ఆమేన్.